హైదరాబాద్ పత్రికా ఫొటోగ్రాఫర్లు: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు సంఘం చేసిన పనుల వివరం ఇది. దినపత్రికల స్టాఫ్ ఫొటోగ్రాఫర్లు, మ్యాగజైన్లకు పనిచేసే ఫ్రీలాన్సర్లు, జోన్ పేజీలకు ఫొటోలు పంపే కంట్రిబ్యూటర్లు, అందరికీ పనికొచ్చేలా రాశాం. జమాఖర్చుల పట్టిక, కార్యవర్గం జాబితా అనుబంధంలో ఉన్నాయి. వాటిని ఇక్కడ మళ్లీ ఎత్తడం లేదు.

ఫొటో తీయడం రానివాళ్లు ఈ ఊళ్లో ఈ వృత్తిలో ఎక్కువ రోజులు నిలవరు. మనవాళ్లు దెబ్బతినేది తీశాకే. పేరు లేకుండా అచ్చవుతుంది, రైటప్ (ఫొటో కింద వేసే వివరణ) తప్పుగా పడుతుంది, డబ్బు రాదు, పదేళ్ల తర్వాత ఆ ఫొటో ఎవరిదో తేలదు. సంఘానికి వచ్చే ఫిర్యాదులన్నీ దాదాపు ఇవే. అందుకని ఈ ఏడాది కెమెరా తరగతులు తగ్గించి, బటన్ నొక్కిన తర్వాతి పని మీద కూర్చున్నాం.

సికింద్రాబాద్ ఎందుకు తెగుతోంది

రైటప్ తరగతులకు సభ్యులు తమ ఫొటోలే తెచ్చుకున్నారు. మొదటి తరగతిలోనే ఒక చిక్కు బయటపడింది. ఫొటో ఫైల్లోపలే వివరాలు నింపే గడులుంటాయి. అందులో ఊరి గడిలో తెలుగులో ‘సికింద్రాబాద్’ అని నింపి పంపితే, పేజీలు సిద్ధంచేసే డెస్క్ దగ్గర ‘సికింద్రాబ’ అని, పక్కన ఒకటి రెండు పిచ్చి గుర్తులతో కనిపిస్తోంది. ‘హైదరాబాద్’ మాత్రం నిక్షేపంగా ఉంటోంది. సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని తీసేసి మళ్లీ ఎక్కించుకున్నా ఫలితం ఉండదు.

ఈ గడుల కోసం వార్తా సంస్థలు వాడే ఐపీటీసీ పాత ప్రమాణంలో ఫొటోగ్రాఫర్ పేరు, క్రెడిట్, ఊరు గడులకు తలా 32 బైట్లే చోటు. యూనికోడ్ తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ ఒక్కోదానికి 3 బైట్లు పోతాయి. ‘హైదరాబాద్’కు 9 గుర్తులు, 27 బైట్లు, గడిలో సరిపోతుంది. ‘సికింద్రాబాద్’కు 13 గుర్తులు, 39 బైట్లు, పదో గుర్తు దాటగానే కత్తెర పడుతుంది. ఇంటిపేరుతో కలిపి రాసుకున్న మన పేర్ల గతీ అంతే. ‘క్రెడిట్ ఇవ్వలేదు’ అని మనం డెస్క్ మీద విరుచుకుపడే సందర్భాల్లో కొన్నిటికి కారణం ఈ కత్తెరే. కొత్తదైన ఎక్స్ఎంపీ పద్ధతిలో ఈ హద్దు లేదు గానీ, అవతలి సర్వర్ పాత గడులను చదివేదైతే లాభం లేదు.

కాబట్టి పేరు, క్రెడిట్, ఊరు ఇంగ్లిష్ అక్షరాల్లో నింపండి. తెలుగు రైటప్‌ను క్యాప్షన్ గడిలో పెట్టండి. దానికి 2000 బైట్లు, అంటే సుమారు 660 గుర్తులు. అంతకు మించితే అది రైటప్ కాదు, వార్త.

అను ఫాంట్లది ఇంకో తలనొప్పి. అనులో టైపు చేసింది క్యాప్షన్ గడిలో అతికిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో కొక్కేలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిసి గజిబిజిగా కనిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చిన ఫాంటు అది, యూనికోడ్ కాదు. అనులో వేళ్లకు అలవాటైన ‘యాపిల్’ అనే కీబోర్డు వరసతోనే యూనికోడ్ టైపు చేసే సాధనాలున్నాయి. కావలసినవారికి కార్యాలయంలో ఎక్కించి ఇస్తున్నాం.

రైటప్‌లో ‘శనివారం’ అని రాసి వదిలేయడం మన పాత జబ్బు. తేదీ, నెల, సంవత్సరం మూడూ ఉండాలి. 2020 అక్టోబరు వరద ఫొటో తేదీ లేకుండా ఆర్కైవ్‌లో పడి ఉంటే, 2025 సెప్టెంబరు మూసీ వరద కింద అచ్చయిపోవడానికి ఎంతోసేపు పట్టదు. రెండు కెమెరాలు వాడేవాళ్లు ఉదయం బయల్దేరే ముందే రెండింటి గడియారాలు కలపాలి. నాలుగు నిమిషాల తేడా ఉన్నా రాత్రి ఫొటోలు వరస పెట్టేటప్పుడు ముందు జరిగింది వెనక్కి పోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఈ గడులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. తప్పనిసరైతే డాక్యుమెంట్‌గా పంపండి.

నిమజ్జనం నుంచి ఫొటో పంపడం

2025 సెప్టెంబరు 6న ఖైరతాబాద్ 69 అడుగుల గణపతి నిమజ్జనం. ట్యాంక్‌బండ్, ఎన్టీఆర్ మార్గ్ ప్రాంతంలో ఆ రోజు నెట్‌వర్క్ ఉన్నట్టే చూపిస్తుంది, ఫైలు కదలదు. అన్ని లక్షల ఫోన్లు ఒక్కసారిగా వీడియోలు ఎక్కిస్తుంటే మన 12 ఎంబీ ఫైలు గుంపులో ఇరుక్కున్న ఆటోలా ఆగిపోతుంది.

ముందస్తు శిక్షణలో చెప్పిన పద్ధతి ఇది. పెద్ద ఫైళ్లు ఒక కార్డులోకి, చిన్న జేపెగ్‌లు రెండో కార్డులోకి వెళ్లేలా కెమెరాను సర్దుకోవాలి. పత్రిక సర్వర్‌కు ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీకి చిన్నవే పెట్టాలి. పొడవు వైపు 1600 పిక్సెల్స్ ఉన్న కాపీ అర ఎంబీ లోపే ఉంటుంది, వెబ్‌సైటుకు అది చాలు. అచ్చుకు 3000 పిక్సెల్స్‌ది జనం పలచబడ్డాక పంపొచ్చు. పేపరు అచ్చుకు అంగుళానికి 200 పిక్సెల్స్ లెక్కన 16 సెంటీమీటర్ల ఫొటోకు 1260, పేజీ నిండా 33 సెంటీమీటర్లు వేసినా 2600 పిక్సెల్స్‌తో సరిపోతుంది. 45 మెగాపిక్సెల్ ఫైలు పంపించి డెస్క్‌ను తిట్టుకోవడంలో అర్థం లేదు. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండాలి, ఒకే కంపెనీవి రెండు ఉన్నా ఒకటే లెక్క. రెండూ చేతులెత్తేస్తే మెమరీ కార్డు పట్టుకుని లక్డీకాపూల్ వైపు నడిచే మనిషి కావాలి. అతని చేతికి ఇచ్చే కార్డులో ఉన్నదంతా రెండో కార్డులోనూ ఉందో లేదో చూసుకుని ఇవ్వండి.

డీజే బండ్ల మీది లేజర్ లైట్ల సంగతి ఈసారీ చెప్పక తప్పదు. లేజర్ నేరుగా లెన్సులో పడితే అర సెకను చాలు, సెన్సర్ మీద చుక్కో, నిలువు గీతో శాశ్వతంగా మిగులుతుంది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే మనం ఫ్రేము చూస్తున్నంతసేపూ సెన్సర్ తెరిచే ఉంటుంది. బండి ఎదురుగా నిలబడకండి, పక్కనుంచి తీయండి. ఖాళీగా ఉన్నప్పుడు మూత పెట్టండి.

మండపాల ఎల్ఈడీ వెలుగులో ఫొటో మీద అడ్డచారలు రావడానికి కారణం ఎలక్ట్రానిక్ షట్టర్. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు కొట్టుకుంటుంది. సెన్సర్ పైనుంచి కిందికి చదివేలోపు దీపం రెండు మూడు సార్లు ఆరి వెలిగితే ఆ తేడానే చారలవుతుంది. మెకానికల్ షట్టర్‌కు మార్చి 1/50 లేదా 1/100 పెడితే చాలావరకు పోతాయి. చవకరకం డ్రైవర్లు (దీపానికి కరెంటు సర్దే పరికరాలు) ఉన్న దీపాలు ఈ లెక్కకు లొంగవు. అక్కడ షట్టర్ వేగాన్ని కొద్దికొద్దిగా మార్చి తెర మీద చూసుకోవడమొక్కటే దారి.

బోనాల్లో పసుపు చల్లే చోట లెన్సు మార్చకండి. పడిన పసుపును బ్లోయర్‌తో ఊదాలి, తర్వాత పొడి కుంచెతో దులపాలి. తడిగుడ్డ పెట్టారా, మరక రబ్బరు పట్టీల్లోకి దిగుతుంది, ఇక వదలదు.

మూసీ వరద

సెప్టెంబరు చివరి వారంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాక నీళ్లు ఎంజీబీఎస్‌లోకి వచ్చాయి, మూసారాంబాగ్ వంతెన మునిగింది. ఆ వారం తర్వాత జరిపిన సమావేశంలో తేలిన విషయాలు రెండు. బురద నీళ్లలో మ్యాన్‌హోల్ కనిపించదు, మోనోపాడ్‌ను (ఒంటికాలి కెమెరా స్టాండును) ఊతకర్రగా ముందు గుచ్చి చూసుకుంటూ అడుగు వేయాలి. కెమెరా నీళ్లలో పడితే ఆన్ చేసి చూడాలనే కోరికను చంపుకోవాలి. బ్యాటరీ తీసి, లెన్సు విప్పి, ఫ్యాన్ గాలికి పెట్టి, అలాగే సర్వీసుకు పంపాలి. బియ్యం డబ్బాలో పెడితే తేమ పెద్దగా లాగదు, పైగా పిండి లోపలికి పోతుంది. మెమరీ కార్డు మాత్రం గట్టిది. డిస్టిల్డ్ నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనిస్తే చాలాసార్లు ఫొటోలు దక్కుతాయి.

హక్కు ఎవరిది, డబ్బు ఎప్పుడు

ఏడాదిలో ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17ను కూర్చుని వాక్యం వాక్యం చదివాం. స్టాఫ్ ఫొటోగ్రాఫర్ ఉద్యోగంలో భాగంగా తీసిన ఫొటోపై యజమానికి వచ్చే హక్కు పత్రికలో ప్రచురణ వరకే. పుస్తకం, ప్రదర్శన లాంటివి ఫొటోగ్రాఫర్ దగ్గరే ఉంటాయి, నియామక పత్రంలో వేరేలా రాసుకోకపోతే. చాలామంది ఆ పత్రాన్ని చేరిన రోజు చూసిందే. ఇప్పుడు తీసి చదవండి.

ఫ్రీలాన్సర్లకు ఇక్కడ గొయ్యి ఉంది. ‘రేపు పొద్దున వచ్చి ఫలానావారి పోర్ట్రెయిట్ తీసిపెట్టు, ఇంత ఇస్తాం’ అని ఫోన్ వచ్చి మీరు వెళ్లారనుకోండి. రాతకోతలు లేకపోతే ఆ ఫొటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే అవుతారు. అదే ఫొటో మీ అంతట మీరు తీసి తర్వాత అమ్మితే హక్కు మీది, వాళ్లకు వెళ్లేది వాడుకునే అనుమతి మాత్రమే. అందుకే ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాల్లో ఒక ఈమెయిల్ కొట్టండి: ‘కాపీరైట్ నాదే. ఫలానా సంచికలో ఒకసారి ప్రచురణకు, ఫలానా మొత్తానికి’. అవతలివాళ్లు సరేనని జవాబిచ్చాకే బయల్దేరండి. నమూనా తెలుగులో, ఇంగ్లిష్‌లో తయారుచేసి సభ్యులందరికీ పంపాం. హక్కు రాసిచ్చేటప్పుడు కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా తీసుకుంటుంది. ‘అన్ని హక్కులూ, ఎప్పటికీ’ అని అచ్చేసిన ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకోండి. 2012 సవరణ తర్వాత ఫొటోకు కూడా తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంది. అంటే మన పిల్లల దాకా వచ్చే ఆస్తి.

టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే ఆదాయపన్ను) గురించి ఎక్కువ మంది అడిగారు. వృత్తి రుసుముగా చెల్లిస్తే 10 శాతం కోస్తారు; 2026 మార్చి వరకు అమల్లో ఉన్న 1961 ఆదాయపన్ను చట్టంలో ఇది సెక్షన్ 194జె. 2025 ఏప్రిల్ నుంచి ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చేది ₹50,000 దాటితేనే కోత, అంతకుముందు ఆ హద్దు ₹30,000. పాన్ ఇవ్వకపోయినా, ఆధార్‌తో కలపక అది పనిచేయకుండా పోయినా 20 శాతం పోతుంది. 2025–26లో కోసింది ఫారం 26ఏఎస్‌లో (మన పాన్ మీద జమైన పన్ను చూపే పత్రంలో) కనబడాలి, కనబడకపోతే రిటర్న్ వేయడానికి ముందే అడగాలి.

బకాయిల విషయంలో సభ్యుల తరఫున సంఘం లేఖలు రాసింది. కొన్నింటికి డబ్బు వచ్చింది, కొన్నింటికి జవాబే లేదు. తేడా ఎక్కడంటే, ఇన్‌వాయిస్ నంబరు, అచ్చయిన పేజీ, తేదీ ఉన్నచోట మాట నెగ్గింది. ‘అన్నా, మీకు తెలుసు కదా’ పద్ధతిలో నడిచిన లెక్కలు నిలబడలేదు.

మార్పులు చేర్పులు

ఎడిటింగ్ హద్దులపై సర్వసభ్య సమావేశం తీర్మానం చేసింది. సెన్సర్ మీది దుమ్ముచుక్క తీయడం, క్రాప్, వెలుగునీడల సర్దుబాటు, నాయిస్ తగ్గించడం సరే. ఫ్రేములో ఉన్నది తీసేయడం, లేనిది చేర్చడం కుదరదు. పేజీలో పట్టడం కోసం పైన ఆకాశాన్ని ఏఐతో పొడిగించిన ఉదంతం ఒకటి మన దృష్టికి వచ్చింది. అది డెస్క్‌లో జరిగినా ఫొటో కింద పేరు మనది, మాట పడేదీ మనమే. నిలువు, అడ్డం రెండు ఫ్రేములూ పంపడం అలవాటు చేసుకుంటే ఆ అవసరమే రాదు.

పాత నెగెటివ్‌లు

సీనియర్ సభ్యుల నలుపు తెలుపు నెగెటివ్‌ల స్కానింగ్ మొదలైంది. 1:1 మ్యాక్రో లెన్సు, సీఆర్ఐ (వెలుగు రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న లైట్ ప్యానెల్, కాపీ స్టాండ్, ఇంతే సరంజామా. ఫిల్ము సమంగా ఆనకపోతే అంచులు మసకబారతాయి. అందుకే లెన్సు రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్8 దగ్గర తీస్తున్నాం. కవరు తెరవగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ము కుళ్లుతున్నట్టు, పక్కవాటికీ అంటుతుంది. వాటిని విడిగా పెట్టి ముందు స్కాన్ చేస్తున్నాం. పీవీసీ కవర్లు ఫిల్మును పాడుచేస్తాయి కాబట్టి పాలిప్రొపిలీన్‌లోకి మారుస్తున్నాం. నెగెటివ్‌లు ఇచ్చేవారు పాత కాగితపు కవర్లు పారేయకండి, వాటి మీద పెన్సిల్‌తో రాసుకున్న తేదీ ఒక్కోసారి ఫొటో కంటే విలువైనది.

అరువు సామాను

సంఘం డ్రై క్యాబినెట్‌లో తేమ 45 శాతం దగ్గర ఉంచుతున్నాం. 65 దాటితే లెన్సుకు బూజు పడుతుంది, 30 కంటే దిగితే రబ్బరు, గ్రీజు ఎండిపోతాయి. 70–200, 400 ఎంఎం లెన్సులు, రెయిన్ కవర్లు మూడు రోజుల గడువుతో ఇస్తున్నాం. తిరిగి ఇచ్చేటప్పుడు లెన్సును సంచితో సహా క్యాబినెట్‌లో పెట్టకండి. సంచి గుడ్డ పట్టుకున్న తడి ఆరడానికి రెండు రోజులు పడుతుంది, ఆ రెండు రోజులూ పక్క లెన్సులు దాన్ని పీలుస్తాయి. సంచి బయట కొక్కేనికి తగిలించి, ముందూ వెనకా మూతలు ఉన్నాయో లేదో చూసుకుని, రిజిస్టరులో తేదీ వేసి సంతకం చేయండి.