"నాట్ సెక్యూర్" అని వస్తే కంగారు పడకండి – ఆదివారం 11కి కింద హాల్లో కలుద్దాం

అందరికీ నమస్కారం 🙏

నిన్న మూడో అంతస్తు పెద్దమ్మగారు ఫోన్ పట్టుకుని కిందికి వచ్చారు. స్తోత్రాలు చదువుకునే పాత సైటు, పైన అడ్రస్ పక్కన "నాట్ సెక్యూర్" అని ఉంది. "వైరస్ వచ్చిందా బాబూ?" అని అడుగుతుంటే పాపం ఆవిడ చెయ్యి వణుకుతోంది.

వైరస్ కాదండీ. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్, హెచ్‌టీటీపీతో (అడ్రస్ http:// అని మొదలయ్యే, రహస్య లిపి లేని పాత పద్ధతి) నడిచే ప్రతి సైటుకీ ఈ మాట చూపిస్తోంది. అక్కడ మనం పంపేది పోస్టుకార్డు లాంటిది. దారిలో ఎవరైనా చదవొచ్చు, మార్చనూ వచ్చు.

స్తోత్రం చదువుకోవడానికి పెద్ద భయం లేదు. పాస్‌వర్డ్, కార్డు నంబరు, ఓటీపీ, ఆధార్ మాత్రం అక్కడ కొట్టొద్దు. యాప్‌లు, ఫైళ్లు దించుకోవద్దు. బయట ఉచిత వైఫై మీద ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్త.

అలాగని హెచ్‌టీటీపీఎస్ (https://, మనం పంపేది రహస్య లిపిలో వెళ్లే పద్ధతి) ఉందని సైటును గుడ్డిగా నమ్మకండి. దారి భద్రం, అంతే. అవతల ఉన్నది దొంగ కావచ్చు. హెచ్‌టీటీపీఎస్‌కి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగానే దొరుకుతాయి, మోసగాళ్లూ తీసుకుంటారు. బ్యాంకు అడ్రస్ అక్షరం అక్షరం చూసుకోండి.

ఆదివారం ఉదయం 11కి ఫోన్ చార్జింగ్ పెట్టుకుని రండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో "ఆల్వేస్ యూజ్ సెక్యూర్ కనెక్షన్స్" (హెచ్‌టీటీపీ సైటు తెరిచే ముందు హెచ్చరించే ఏర్పాటు) ఒక్కొక్కరికీ ఆన్ చేసి ఇస్తాను. వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా ఫ్లాట్ నంబరు ఇక్కడ పెట్టండి. పిల్లలూ, తాతయ్య, నానమ్మలను మీరే వెంటబెట్టుకు రావాలి.

మరిచిపోవద్దు: డబ్బు పోయిందని తెలిస్తే నా కోసం ఆగకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.