శాంపిల్ తీసిన టైము ఎక్కడ?

సంపాదకులకు,

మా మనవరాలు కర్నూలులోనే ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. పోయిన నెల వాళ్ల కాలేజీలో ‘విద్యార్థుల్లో ఒత్తిడిపై పరిశోధన’ అని చెప్పి పిల్లల దగ్గర రక్తం తీశారు. రెండు రోజుల తర్వాత తలా ఒక చీటీ ఇచ్చారు. అందులో కార్టిసాల్ (ఒత్తిడికి ఒంట్లో పెరిగే హార్మోన్) అని ఒక అంకె, పక్కన ‘నార్మల్’ అని ముద్ర. శాంపిల్ తీసిన సమయం రాయాల్సిన గడి ఖాళీ. అది చూసి మా అల్లుడు, ‘నీకు ఏం టెన్షన్ లేదంట, ఊరికే యాక్షన్ చేస్తాండావు’ అన్నాడు. రెండు నెలలుగా సరిగ్గా నిద్రపోని పిల్ల, మారుమాట లేకుండా చీటీ మడిచి ఫిజిక్స్ పుస్తకంలో పెట్టుకుంది. ముప్పై ఏళ్లు జువాలజీ పాఠం చెప్పిన నేను చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

కార్టిసాల్ పొద్దును బట్టి నడిచే హార్మోన్. నిద్ర లేచిన అరగంట, ముప్పావు గంటకు బాగా పెరుగుతుంది. పొద్దు వాలేకొద్దీ తగ్గి రాత్రికి అడుగంటుతుంది. ఏ దిగులూ లేని మనిషికైనా ఉదయం ఎనిమిదింటికి ఉన్నంత సాయంత్రం నాలుగింటికి ఉండదు. మా పాప సెక్షన్‌కు భోజనాలయ్యాక తీశారట, పక్క సెక్షన్‌కు పొద్దున్నే. టైము రాయకుండా ఈ రెండింటినీ ఎలా పోలుస్తారు?

అప్పటికప్పుడు వచ్చే టెన్షన్‌ను కొలవడం ఇంకా కష్టం. భయం వేయగానే గుండె దడదడలాడించే అడ్రినలిన్ రక్తంలో రెండు మూడు నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. కార్టిసాల్ అలా కాదు. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దాని కిందున్న పిట్యూటరీ గ్రంథిని కదిలించాలి, పిట్యూటరీ వదిలిన ఏసీటీహెచ్ అనే హార్మోన్ రక్తంలో కలిసి మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులను చేరాలి. అందుకే భయం మొదలైన ఇరవై, ముప్పై నిమిషాలకు గానీ అది గరిష్ఠానికి రాదు. ఒక్కసారి సూది గుచ్చి తీసిన రక్తంలో ఆ పెరగడమూ తగ్గడమూ ఎక్కడ కనిపిస్తాయి? కొందరు పిల్లలకు ఆ సూదే పెద్ద భయం.

జర్మనీలోని ట్రియర్ యూనివర్సిటీ వాళ్లు 1993లో ప్రచురించిన పద్ధతి ఈ పరిశోధనల్లో బాగా వాడుకలో ఉంది. ముఖంలో ఏ భావమూ చూపని కమిటీ ముందు మనిషిని నిలబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడిస్తారు. ఆ తర్వాత మరో ఐదు నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి చెప్పమంటారు. తప్పితే మళ్లీ మొదటి నుంచి. దీనికి ముందూ తర్వాతా కొన్ని నిమిషాలకోసారి కార్టిసాల్ కొలవడానికి లాలాజలం తీసుకుంటారు. దూది చుట్టను కాసేపు నోట్లో పెట్టుకుంటే చాలు, సూది పని లేదు. తిన్నారా, కాఫీ తాగారా, స్టెరాయిడ్ మందులు వాడుతున్నారా, ఆడపిల్లలైతే నెలసరి ఎన్నో రోజు, ఇవన్నీ రాసుకుంటారు. మా పాపను వీటిలో ఒక్కటీ అడగలేదు.

మా ఇంటికి అనుమతి కాగితమూ రాలేదు. పిల్లల మీద పరిశోధన చేయాలంటే తల్లిదండ్రుల అనుమతితో పాటు, ఊహ తెలిసిన పిల్లల ఒప్పుకోలు కూడా తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో ఉంది.

పిల్లల ఒత్తిడి మీద పరిశోధన తప్పకుండా జరగాలి. మన ఊళ్లో మెడికల్ కాలేజీ ఉంది, యూనివర్సిటీ ఉంది. ఎథిక్స్ కమిటీ ఆమోదంతో, తెలుగులో రాసిన అనుమతి పత్రంతో చేస్తే మా మనవరాలిని నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. అంతకంటే ముందు ఆ చీటీలు ఇచ్చినవాళ్లు తల్లిదండ్రులను పిలిపించి, ‘నార్మల్’ అన్న ఆ ముద్రకు పిల్లలకు టెన్షన్ లేదని అర్థం కాదని చెప్పాలి. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, ఈ వారంలోనే చెప్పాలి.

– విశ్రాంత జువాలజీ లెక్చరర్,
సి.క్యాంపు, కర్నూలు