కాగితం ఆరబెట్టే లెక్కలు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? "కాగితం ఆరబెట్టడానికి అన్ని ఈక్వేషన్లు ఎందుకురా?" అని అడిగావు కదా. రెండు ముక్కల్లో తేలేది కాదు, తీరిగ్గా చదువు.

పేపర్ మిషన్ వైర్ (నీళ్లు కారిపోయే జల్లెడ పట్టీ) మీద పడే గుజ్జులో పీచు నూటికి ఒక వంతు ఉంటే ఎక్కువ, మిగతాదంతా నీళ్లే. చాలావరకు అక్కడే కారిపోతాయి, ఇంకొన్నిటిని ప్రెస్ రోలర్లు పిండేస్తాయి. డ్రయ్యర్‌కి, అంటే లోపల స్టీమ్‌తో వేడెక్కే డ్రమ్ముల వరసకి, చేరేసరికి కిలో పీచుకి కిలో పైచిలుకు మిగులుతాయి. మిషన్‌కి కావాల్సిన వేడిలో సింహభాగం ఆ కాస్త నీళ్లకే పోతుంది. ప్రెస్ దగ్గర పొడితనం ఒక్క శాతం పెంచినా డ్రయ్యర్ స్టీమ్ సుమారు 4 శాతం ఆదా అంటారు.

లెక్క కోసం కాగితం ఒక్కో డ్రమ్మునీ చుట్టుకుని వెళ్లే దారిని నాలుగు ముక్కలు చేస్తాం: డ్రమ్ము మీద ఒంటరిగా, ఫెల్ట్ (కాగితాన్ని డ్రమ్ముకి అదిమే బట్ట) కింద, ఫెల్ట్ వదిలాక మళ్లీ ఒంటరిగా, చివర రెండు డ్రమ్ముల మధ్య గాల్లో. ఎ.హెచ్. నిస్సాన్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్లు 1950ల్లో వేసిన దారి ఇది. ప్రతి ముక్కలో కాగితం వేడి ఎంత, తేమ ఎంత అని ఆ ఈక్వేషన్లతో కంప్యూటర్ లెక్క కడుతుంది, మోడల్ అంటే ఇదే.

అసలు తిరకాసు డ్రమ్ము లోపల ఉంది. స్టీమ్ చల్లబడి నీరవుతుంది, వేగం పెరిగితే ఆ నీరు లోపలి గోడకి పొరలా అంటుకుని డ్రమ్ముతోపాటే తిరుగుతుంది. 25 మిల్లీమీటర్ల పోత ఇనుప గోడ వేడికి ఎంత అడ్డమో, కదలని 2 మిల్లీమీటర్ల నీటి పొర దానికి సుమారు ఆరు రెట్లు అడ్డం! అందుకే సైఫన్ గొట్టంతో నీరు లాగేస్తారు, మిగిలిన పొర నిలకడగా ఉండకుండా లోపల అడ్డకడ్డీలు బిగిస్తారు. ఇవేవీ చూడకుండా స్టీమ్ ప్రెషర్ పెంచేయడం నాకు అస్సలు నచ్చదు.

ఇంకోటి, డ్రమ్ముల మధ్య చిక్కుకున్న గాలి. వానాకాలంలో దండెం మీద బట్టలు ఆరనట్టే, ఆ గాలి తేమతో నిండితే కాగితం వేడెక్కినా నీళ్లు సరిగ్గా వదలదు. పొడి వేడి గాలి ఊదాల్సిందే. చివర్లో పీచు పట్టుకున్న తేమ మరీ మొండిది, దానికి లెక్కే వేరు.

ఇన్ని తెలిసినా నీటి పొర దాటి వేడి ఎంత వస్తుందన్న అంకె పుస్తకంలో దొరకదు. డ్రమ్ము ఉపరితలం వేడి కొలిచి, మోడల్ దానికి సరిపోయేదాకా సవరించాలి. నువ్వు ఆఫీసులో వాడే కర్వ్ ఫిటింగ్ కోడ్ ఉంది చూడు, అది పంపరా. ఈ ఆదివారమే మొదలుపెడతాను.

నీ
రాము