బలిమెల లోతు: ఏ రోజు నాటిది?

సంపాదకులకు,

జలాశయాల లోతులు సోనార్‌తో (నీటిలోకి ధ్వని పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు చెప్పే యంత్రంతో) కొలిచి పటాలు గీయడం ఇప్పుడు మామూలైపోయింది. చేపలు పట్టేవాళ్ల దగ్గరికీ చవక యంత్రాలు వచ్చాయి. ఆ పటాల మీద ఒక్కటే వెలితి: లోతు రాస్తారు, ఆ రోజు నీటిమట్టం ఎంతో రాయరు.

మా బలిమెల జలాశయం నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 1516 అడుగుల ఎత్తు. కరెంటుకు వాడుకునే నీరు 1440 దగ్గర ఆగిపోతుంది. మధ్యలో 76 అడుగులు. యంత్రానికి తెలిసింది ఆ క్షణాన తన కింద ఎంత నీరుందో, అంతే. మట్టం 1500 ఉన్న రోజు అది 40 చూపిందనుకోండి. ధ్వని పంపే దాని తల నీళ్లలో ఓ అడుగు మునిగి ఉంటే అసలు లోతు 41. అంటే కింద నేల మట్టం 1459. నీరు 1470కి దిగితే అక్కడ మిగిలేది 11 అడుగులే. 1455కి దిగితే అక్కడ నడిచి పోవచ్చు. పటంలో 40 అని వేస్తే ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. 1459 అని వేస్తే ఏ రోజైనా ఆనాటి మట్టంలోంచి తీసేసి లోతు తెలుసుకోవచ్చు. 2018లో గురుప్రియ వంతెన వచ్చాక లాంచీల అవసరం తగ్గింది గానీ, పడవలు ఇంకా మునిగిన గుట్టల మీదుగానే తిరుగుతున్నాయి.

పూడిక లెక్క అంతకన్నా పెద్ద తగాదా. ఈ నీళ్లు ఒడిశాకు సగం, ఆంధ్రకు సగం. సర్వేకి వారాలు పడుతుంది, రెండు వైపులా నీరు తీస్తూనే ఉంటారు. మట్టం రోజుకు అంగుళం తగ్గినా 24 రోజులకు రెండడుగులు. అది సరిచేయకపోతే చివర కొలిచిన చోట నేల రెండడుగులు పైకి లేచినట్టు కనిపిస్తుంది. పాత కొలతలు పక్కన పెట్టుకు చూసేవారు దాన్ని పూడిక కింద రాసేస్తారు. లేని మట్టి పేరు చెప్పి రేపు ఎవరి వాటాకు కోత పడుతుందో!

ఆనకట్ట దగ్గర నీటిమట్టం చూపే స్కేలు, అంటే గేజీ, ఒక్కటీ చాలదు. వరద దిగే రోజుల్లో ఎగువ కొసన నీరు ఆనకట్ట దగ్గరికన్నా ఎత్తుగా ఉంటుంది. అక్కడా ఓ స్కేలు పాతి, సర్వే సాగినన్నాళ్లూ గంటగంటకూ చదివించాలి. పడవ మీద జీపీఎస్ ఉంది కదా అంటారు. అది నేరుగా ఇచ్చే ఎత్తుకూ సముద్రమట్టం నుంచి లెక్కగట్టే ఎత్తుకూ మన ప్రాంతంలో పదుల మీటర్ల తేడా. ఆనకట్ట దగ్గర ఎత్తు ఖాయం చేసి పెట్టిన గుర్తుతో (బెంచ్‌మార్కుతో) కలపందే దాన్ని నమ్మలేం. నీటిలో ధ్వని వేగమూ చూసుకోవాలి. 20 డిగ్రీల మంచినీటిలో అది సెకనుకు సుమారు 1482 మీటర్లు. యంత్రాన్ని 1500 మీద వదిలేస్తే 40 మీటర్ల లోతుకు దాదాపు అర మీటరు తప్పు.

కొలిచిన తేదీ, గంట, ఆ గంటకు గేజీ అంకె లేని పటాన్ని రెండు రాష్ట్రాల ఇంజనీర్లూ వెనక్కి పంపాలి. గేజీ పుస్తకం నకలు ఎవరడిగినా ఇవ్వాలి. దిద్దిన పటాన్ని ఒడియాలోనూ తెలుగులోనూ అచ్చువేసి రేవుల్లో అంటించాలి.

— ఒక పాఠకుడు, చిత్రకొండ, మల్కన్‌గిరి జిల్లా, ఒడిశా