కోడలి చేతి క్రీము, నీ గాలం

ఒరేయ్ చిన్నా,

నిన్న వీడియో కాల్‌లో నువ్వన్న మాట రాత్రంతా చెవిలోనే తిరిగింది. "దీని చేతి క్రీము వాసనకి ఒక్క సాల్మన్ కూడా దగ్గరికి రావట్లేదమ్మా, లూర్లు ముట్టుకోవద్దని చెప్పేశా" అన్నావు. లూరంటే చేపని మభ్యపెట్టే ఉత్తుత్తి ఎరే కదా. పక్కనే ఉన్న కోడలు నవ్వేసింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, పదేళ్లప్పుడు నేనూ అలాగే నవ్వాను. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డొస్తావు కాబట్టి రాస్తున్నా, నిదానంగా చదువు.

కోనసీమలో మా ఇంటి వెనక కాలువ రేవు ఉండేదని చెప్పాను కదా. మీ తాతయ్య రోజూ సాయంత్రం అక్కడ గాలం వేసేవారు. వెదురు కర్ర, దారం, చిన్న సీసం ముక్క, జీలుగ బెండు, పక్కన కొబ్బరి చిప్పలో తడిమట్టి, అందులో మెలికలు తిరిగే ఎర్రలు. ఆ ఎర్రల్ని పెరట్లో అరటి బోదెల దగ్గర తవ్వి తెచ్చే పని నాది. తవ్వడం వరకే! గాలానికి గుచ్చనిచ్చేవారు కాదు. "నీ చేతికి కొబ్బరినూనె, తల్లో మల్లెపూలు, ఇంక చేపలు ఎందుకొస్తాయే" అనేవారు. బెండు కదలని రోజున తప్పు నాది, రెండు జెల్లలు పడిన రోజున గొప్ప ఆయనది. మా అన్నయ్య చేతికి ఏ వాసనా ఉండదా అని అడిగే ధైర్యం అప్పట్లో లేదు.

ముప్పై ఏళ్లు పిల్లలకి జువాలజీ చెప్పాను కాబట్టి ఇప్పుడు ఉంది.

ముందు నీ వైపు మాట చెబుతా, ఎందుకంటే నీ భయం పూర్తిగా పిచ్చి భయం కాదు. చేపకి ముక్కు ఊపిరి పీల్చడానికి కాదు, వాసన కోసమే. ఒక రంధ్రంలోంచి నీళ్లు లోపలికొచ్చి పక్క రంధ్రంలోంచి పోతుంటాయి, ఆ దారిలో ఏది కరిగి ఉన్నా దానికి తెలుస్తుంది. సాల్మన్ అయితే సముద్రంలో ఏళ్ల తరబడి తిరిగి, పుట్టిన వాగు నీళ్ల వాసన పట్టుకుని వెనక్కొస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆర్థర్ హాస్లర్ అనే శాస్త్రవేత్త బృందం కోహో సాల్మన్ పిల్లల్ని మార్ఫొలిన్ అనే రసాయనం కలిపిన నీళ్లలో పెంచి వదిలారు. పెద్దయ్యాక అవి ఆ రసాయనం కలిపిన వాగునే వెతుక్కుంటూ వచ్చాయి. అంత ముక్కు దానిది.

ఇంకోటి మీ దగ్గరే జరిగింది. 1950లలో, మీ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనే, వాంకూవర్ ద్వీపంలో స్టాంప్ ఫాల్స్ దగ్గర సాల్మన్లు ఎక్కడానికి కట్టిన మెట్ల కాలువ పైభాగంలో మనుషులు చేతులు కడిగిన నీళ్లు, ఎలుగుబంటి పాదం ముంచిన నీళ్లు వదిలి చూశారు. పైకి ఎక్కుతున్న చేపలు ఆగిపోయాయి, కాసేపటికి మళ్లీ కదిలాయి. మనిషి, ఎలుగుబంటి, రెండూ దాన్ని తినేవే కదా. 1956లో ఐడ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఆ నీళ్లలో చేపని బెదరగొట్టేది ఎల్-సెరిన్ అనే అమైనో ఆమ్లమని తేల్చారు. అది మన చర్మం మీద ఉంటుంది. ఆ చేపల్ని ఆపింది క్రీము కాదురా, చెయ్యి! అంటే నీ చేతి మీదా ఉంది, కోడలి చేతి మీదా ఉంది, మీ తాతయ్య చేతి మీదా ఉండేది. మరి నిన్ను లూరు ముట్టుకోవద్దని ఎవరైనా అన్నారా?

అయినా అది మెట్ల కాలువలో, పైనుంచి వచ్చే నీళ్లలో కలిపితే జరిగిన సంగతి. నువ్వు ఇంటి దగ్గర కట్టిన ఇనప స్పూనుని, అదే ఆ చెంచాలాంటి లూరుని, ఫ్రేజర్ నదిలో యాభైసార్లు విసిరి లాగుతావు. దానికంటిన వాసన ఎంతసేపుంటుంది? పైగా నదిలోకి ఎక్కాక సాల్మన్ తిండి దాదాపు మానేస్తుంది. అది లూరుని కరిచేది ఆకలితో కంటే ఎక్కువగా చిరాకుతోనూ పాత అలవాటుతోనూ. ముందు తళుకు కనబడాలి, కదలిక తెలియాలి. మీ ఫ్రేజర్ నీళ్లు మన గోదారి వరద నీళ్లలా మడ్డిగా ఉన్న రోజున ఒక్కటీ పడకపోతే నీళ్లని అనాలి గానీ పెళ్లాన్ని కాదు.

వాసన ఎంత పనిచేస్తుందనేది ఆ చేప ఎలా తింటుందో దాన్నిబట్టి ఉంటుంది. మన జెల్ల ఉంది చూడు, దానికి మీసాల మీదే కాదు, ఒంటి మీద కూడా రుచి మొగ్గలే, ఒళ్లంతా నాలుకే అనుకో. బురదనీళ్లలో, చీకట్లో, ఎర్ర ఎక్కడుందో కళ్లతో పని లేకుండా వచ్చేస్తుంది. దానికి వేసే పిండిముద్దలో తవుడు, వేరుశనగ చెక్క, కాస్త మెంతిపిండి కలిపితే పనికొస్తుందంటే నేను నమ్ముతాను. మట్టగిడస అలా కాదు. గట్టు పక్కన తూటాకుల కింద మాటు వేసి, కప్ప కదిలితే ఒక్క దూకు. దాని ముందు రబ్బరు కప్పని గంతులేయిస్తే చాలు, ఆ రబ్బరుకి అత్తరు రాసినా ఒకటే, ఆవకాయ రాసినా ఒకటే. ఆవకాయంటే గుర్తొచ్చింది, వెల్లుల్లి వాసన వేసిన ఎరలు అక్కడ డబ్బులిచ్చి కొంటున్నారుగా, మన చేతికి ఊరికే వస్తుంది. నూనె మాత్రం నీళ్లలో కరగక పైకి తేలుతుంది, కింద ఉన్న చేపకి అందేది తక్కువే.

మీ తాతయ్య చెప్పినవాటిలో ఒకటి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. గాలం వేసే రేవులో ఎవరైనా చేపలు తోమితే ఒప్పుకునేవారు కాదు, కాలువకి దిగువన తోముకోమనేవారు. "వాటికి తెలిసిపోద్దే" అనేవారు, అంతకంటే చెప్పేవారు కాదు. డిగ్రీలో చదివాక అర్థమైంది. 1938లోనే కార్ల్ వాన్ ఫ్రిష్ చూపించాడు, మినో అనే చిన్న చేప చర్మం చిట్లితే అందులోంచి నీళ్లలోకి వచ్చేదాన్ని పసిగట్టి మిగతా గుంపంతా బెదిరిపోతుందని. మన బొచ్చె, శీలావతి, జెల్ల అన్నీ ఆ మినోకి చుట్టాలే.

డిగ్రీ సెలవుల్లో నేనూ అన్నయ్యా పంతం వేసుకున్నాం. పదిహేను రోజులు రెండు గాలాలు, ఒకడిది బురదతో కడిగిన చెయ్యి, ఒకరిది పౌడరు రాసుకున్న చెయ్యి, ఒకే ఎర్రలు, రోజు విడిచి రోజు మార్చుకున్నాం. క్యాలెండరు వెనక లెక్క రాశాం. దాదాపు సమానం వచ్చింది. తేడా అంతా ఎక్కడ కూర్చున్నామన్నదాంట్లోనే ఉంది. తూము పక్కన కూర్చున్నవాళ్లకి ఎక్కువ, గట్టు మీద దబదబా నడిచి నీళ్ల మీద నీడ పడేసినవాళ్లకి తక్కువ. అదే పెద్ద రుజువని అననులే, పదిహేను రోజులతో ఏదీ తేలదు.

ఆ సెలవుల్లోనే ఇంకో సంగతి కనిపెట్టాను. తాతయ్య లంక పొగాకు చుట్ట కాల్చేవారు, రోజుకి నాలుగైదు. ఆ వేళ్లకి ఉన్న ఘాటు ముందు నా మల్లెపూలు ఎంత? కానీ ప్రతిసారీ ఎర్ర గుచ్చే ముందు రేవు మెట్టు మీంచి వంగి గుప్పెడు బురద తీసి, రెండు చేతులూ మణికట్టు దాకా పామి, నీళ్లలో జాడించేవారు. ఎవరికీ చెప్పేవారు కాదు, ఆయన చేతులు ఆయనకి వాసన రావని మేమంతా అనుకునేవాళ్లం. నాక్కూడా ఆ బురద పామొచ్చుగా! ఆ రెండు సెకన్ల పనికి నన్ను ఐదేళ్లు దూరం పెట్టారు.

నువ్వు నిజంగా జాగ్రత్త పడాల్సింది పెట్రోలు దగ్గర, సన్‌స్క్రీన్ దగ్గర, ముఖ్యంగా దోమల మందు దగ్గర. డీట్ ఉన్న మందైతే ప్లాస్టిక్ లూర్లనే మెత్తబరిచి పాడుచేస్తుంది, చేప సంగతి తర్వాత. వాసన లేని సబ్బుతో కడుక్కోండి, ఇద్దరూ.

వచ్చే ఆదివారం గాలం ఆ పిల్ల చేతికివ్వు. తనకీ లైసెన్సు తీసుకో, డబ్బులు దండగ అనకు. క్రీము రాసుకునే విసరమను. నువ్వు కడుక్కున్న చేతులతో పక్కన నిలబడు, గంటకోసారి చోటు మార్చుకోండి. ఎవరికెన్ని పడ్డాయో కాయితం మీద రాసి ఫొటో పంపు. ఒక్క ఆదివారం లెక్క నాకొద్దు, సీజనంతా రాయాలి.

అమ్మ