లైట్లు కాదు, స్విచ్‌లు చూడండి

సంపాదకులకు నమస్కారం.

నేను రోజంతా తెలుగు టైప్ చేసే డీటీపీ ఆపరేటర్‌ని. తక్కువ ధరలో మెకానికల్ కీబోర్డు (ప్రతి మీట కిందా విడిగా ఒక స్విచ్ ఉండేది) కొనాలనుకునే చాలామంది ముందు రంగురంగుల లైట్లు చూస్తున్నారు. నేనూ అలాగే కొని నష్టపోయాను.

ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరికలో పొల్లు 'డి' మీట మీద ఉంటుంది. ప్రతి ఒత్తుకూ దాన్నే నొక్కాలి. నా పాత కీబోర్డులో ముందు పాడైంది అదే. ఒకసారి నొక్కితే రెండు పొల్లులు పడేవి. ప్రూఫులు దిద్దలేక ఎంత టెన్షన్ పడ్డానో! స్విచ్‌లు బోర్డుకు టంకం వేసి ఉన్నాయి, మార్చడం నా వల్ల కాలేదు.

ఈసారి హాట్‌స్వాప్, అంటే టంకంతో పనిలేకుండా స్విచ్‌లు మార్చుకునే వీలు, ఉన్నది తీసుకున్నాను. చిన్న పట్టకారుతో చెడిన స్విచ్ ఒక్కటే లాగి, కొత్తది గుచ్చితే సరిపోతుంది. పిన్నులు మాత్రం వంగకుండా నిటారుగా దించాలి. కొనేముందు ఆ బోర్డు 3 పిన్నుల స్విచ్‌లే తీసుకుంటుందా, 5 పిన్నులవి కూడానా అని తప్పక అడగండి.

స్విచ్‌ల రకాలను రంగుల పేర్లతో చెబుతారు. బ్లూ స్విచ్‌లు టకటకమంటాయి, ఇంట్లో పసిపిల్లలుంటే వద్దు. రెడ్ మెత్తగా దిగుతాయి. నాకు మాత్రం మధ్యలో చిన్న తట్టు తగిలే బ్రౌనే నచ్చాయి. కీక్యాప్‌లు (మీటల పైతొడుగులు) పీబీటీ అనే ప్లాస్టిక్‌వైతే త్వరగా నునుపుదేరవు. వైర్‌లెస్ లేకపోయినా పరవాలేదు, ఆ డబ్బు స్విచ్‌ల మీద పెట్టండి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్