కాలనీ సంక్షేమ సంఘం 2025 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది వీధి దీపాలు మార్చాం, వానలకు ముందే కాలువల్లో పూడిక తీయించాం, పార్కు గోడ బాగు చేయించాం. జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు. నేను ఎక్కువగా ఒక్క విషయమే చెప్పాలి, మన పిల్లల్లో మత్తు అలవాటు గురించి.

వేసవిలో పార్కు వెనక ఖాళీ స్థలం శుభ్రం చేయిస్తుంటే వాడేసిన మాత్రల షీట్లు, పంక్చర్లకు వాడే సొల్యూషన్ ట్యూబులు, వైట్‌నర్ సీసాలు దొరికాయి. బయటివాళ్ల పని అనుకున్నాం. యాత్రికులు వచ్చిపోయే ఊరు కాబట్టి తిరుపతిలో ఏం జరిగినా మనకు ముందు తట్టేది ఆ మాటే. నెల తిరగకుండానే మన వీధిలో ఉండే ఒకమ్మ వచ్చి, ఇంటర్ చదివే కొడుకు గంజాయికి అలవాటు పడ్డాడని ఏడ్చింది. "డాక్టరు దగ్గరకు తీసుకుపోతే కేసు పెడతారేమో సార్" అని ఆమె భయం.

కమిటీలో గట్టి వాదనే జరిగింది. అద్దెకున్నవాళ్లే కదా, ఖాళీ చేయించమని కొందరన్నారు. ఆ మాట మినిట్స్‌లో రాయలేదు కానీ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆ కుటుంబం వీధి మారితే పిల్లవాడి జబ్బు నయమవుతుందా?

మన సభ్యుల్లోని ఒక వకీలుగారు ఆ తల్లి భయం తీర్చారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడుకకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసులో ఉన్న మత్తు బానిస కూడా తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి ఒప్పుకుంటే అతనిపై విచారణ ఉండదు. వైద్యం మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు, ఉండకూడదు కూడా. మర్నాడే మన సభ్యులిద్దరు తోడు వెళ్లి ఆ అబ్బాయిని రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో చూపించారు.

జూన్ 26న డాక్టరుగారిని పిలిచి సభ పెట్టాం. 2019లో ఎయిమ్స్ వెల్లడించిన జాతీయ సర్వే గురించి ఆయన చెప్పారు. వైట్‌నర్, సొల్యూషన్ లాంటి పీల్చే మత్తు వాడుక పెద్దల్లో 0.58 శాతం ఉంటే, 10–17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం ఉంది. స్టేషనరీ షాపులో దొరికే సీసాతోనే ఒక్కసారిగా గుండె ఆగి చనిపోవచ్చని విన్నప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా మద్యం తాగేవారిచేత ఇంట్లోనే పంతం పట్టి ఒక్కసారిగా మాన్పించవద్దనీ చెప్పారు. ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మందులతో, డాక్టరు చూస్తుండగా మాన్పించాలి.

చీటీ లేకుండా నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు ఇవ్వవద్దని దగ్గరలోని మందుల షాపులవాళ్లను కలిసి అడిగాం. ఒకరు మాతో గొడవపడ్డారు, మిగతావాళ్లు సరేనన్నారు. స్కూలుకు వంద గజాల లోపు సిగరెట్లు, గుట్కా అమ్మకూడదన్న నిబంధన బోర్డు రాయించి పెట్టాం.

ఆ అబ్బాయి రెండు నెలలు బాగున్నాడు, తర్వాత మళ్లీ జారాడు. నాకు చాలా బాధేసింది. ఈ జబ్బులో ఇలా జరుగుతుంటుందని డాక్టరు చెప్పాకే నాకు ధైర్యం వచ్చింది. మళ్లీ వెళుతున్నాడు. దయచేసి అతనెవరని ఎవరూ ఆరా తీయవద్దు, వాట్సాప్ గ్రూపులో రాయవద్దు.

వైద్య సలహాకు 14446, అమ్మకాల సమాచారానికి 1972 నంబర్లు నోటీసు బోర్డులో ఉన్నాయి. ఆసుపత్రికి తోడు వెళ్లేందుకు మరో నలుగురు కావాలి. ఈ సభ ముగిశాక నా దగ్గర పేరు రాయించండి.

కార్యదర్శి